చేదు తెలియకూడదు

ప్రియమైన చెల్లాయికి,

షాపు తెరిచాను. తెరిచాననడమే గానీ కుర్చీ ఖాళీగానే ఉంటోంది. మనిషికీ మనిషికీ మధ్య దూరం ఉండాలన్నారని మూడు కుర్చీల్లో రెండింటిని గోడవైపు తిప్పేశాను. తప్పు చేసిన పిల్లల్లా అటు తిరిగి కూర్చున్నాయి. పొద్దున్నుంచీ దువ్వెనలు కడుగుతాను, ఆరబెడతాను, ఆరినవాటినే మళ్లీ కడుగుతాను. కాలు ఒకచోట నిలవడం లేదు. వీధి చివరిదాకా వెళ్లి, అక్కడ ఎవరూ రావడం లేదని చూసుకుని, వెనక్కి వస్తాను.

నా అసలు కష్టం వేరే ఉంది. చిన్నప్పటి జ్వరం నా చెవుల్ని పట్టుకుపోయిన సంగతి నీకు కొత్త కాదు. ఇన్నేళ్లూ ఎలా నెట్టుకొచ్చానో కూడా నీకు తెలుసు. వచ్చినవాళ్లు కుర్చీలో కూర్చుని మాట్లాడతారు, నేను వెనక నిలబడి అద్దంలో వాళ్ల పెదాలు చూసుకుంటాను. నాకు వినపడదని సగం మందికి తెలియను కూడా తెలియదు. ఇప్పుడు ఊరు ఊరంతా మూతికి గుడ్డ కట్టుకుంది. నిన్న ఒకాయన పక్కలు మాత్రం తగ్గించమన్నాడట, నేను మొత్తం దించేశాను. కళ్లు చూస్తే బాగా తిట్టాడనే తెలిసింది. ఏం తిట్టాడో తెలియకపోవడం ఒక్కటే ఇందులో లాభం.

మీ వదిన బస్టాండులో టికెట్ల కిటికీ దగ్గరే కూర్చుంటోంది. ఆ గాజుకి కింద అరచేయంత కన్నం ఉంటుంది కదా, జనమంతా అందులోకే వంగి, మాస్కు కిందికి లాగి మరీ ఎక్కడికి పోవాలో చెబుతారట. తన ఊపిరి సంగతి నీకు తెలుసు, కాస్త చలిగాలి తగిలితేనే ఛాతీలో పిల్లికూతలు. ఆఫీసువాళ్లు ఇచ్చిన గుడ్డ మాస్కు రెండు ఉతుకులకే సాగిపోయి గడ్డం కింద ఊగుతోంది. నువ్వు ఆసుపత్రిలో పెట్టుకునే గిన్నెలాంటి మాస్కు మాకు ఎక్కడ దొరుకుతుంది? మందుల షాపులో అడిగితే అతను గోడ మీద కాగితం చూపించాడు. సామాన్య ప్రజలకు గుడ్డ మాస్కు చాలును అని ఉంది. నాలుగు చోట్లకి తిరిగాను, నాలుగు చోట్లా అదే కాగితం. ఆ సామాన్య ప్రజల ఊపిరితిత్తులు ఇంకేదైనా సరుకుతో చేశారేమో నాకు తెలియదు.

ఫోనులో మెసేజీ పెట్టమంటావు. నా వేలు ఒక అక్షరం నొక్కితే మూడు పడతాయి. ఉత్తరమే నయం. జవాబు రాయి.

నీ మీసాల అన్నయ్య

అమ్మాయ్, బేరం లేదు గానీ ఆ మీసానికి నూనె మాత్రం రోజూ పడుతోంది. మింగ మెతుకు లేదు, మీసాలకి సంపెంగనూనె. నా గురించి బెంగపడకు, వేళకి తిను. ఎప్పటిలాగే అడుగున రెండు ముక్కలు రాసే మీ వదిన.


ప్రియమైన అన్నయ్యకి,

నీ ఉత్తరం హాస్టలు వరండాలో నడుస్తూ చదివాను. ఈమధ్య కూర్చుని ఏ పనీ చేయలేకపోతున్నాను. అన్నం కూడా నిలబడే తింటున్నాను. ఇంటికి వద్దామంటే పనిచేసేవాళ్లు ఆసుపత్రి ఆవరణ దాటకూడదన్నారు.

ఇక్కడ నా పని నీకు ఎప్పుడూ సరిగా చెప్పలేదు. మాస్కు మొహానికి అతుక్కుందో లేదో చూడటం నా పని. మనిషి మాస్కు పెట్టుకుని కూర్చుంటాడు. నేను తలమీంచి భుజాలదాకా ప్లాస్టిక్ ముసుగు దించి, దాని కన్నంలోంచి చేదుమందు తుంపర కొడతాను. తల అటూ ఇటూ తిప్పమంటాను, కిందికీ పైకీ చూడమంటాను, ఏదైనా గట్టిగా చదవమంటాను. నాలుకకి చేదు తగిలిందా, ఎక్కడో సందు ఉన్నట్టే. చేదు తెలియకూడదు, అదే పరీక్ష. డాక్టర్లు, నర్సులు, ఊడ్చేవాళ్లు అందరూ నా ముసుగులో తలపెట్టినవాళ్లే. నాకు చేదుపిల్ల అని పేరు పెట్టారు.

గుడ్డ మాస్కుతో ఎవరు కూర్చున్నా మొదటి తుంపరకే మొహం చిట్లిస్తారు. అసలు లేనిదానికంటే గుడ్డ నయమే, కాదనను. కానీ చాలును అనే మాట నాకు మింగుడుపడటం లేదు. నువ్వు గోడ మీద చూసిన కాగితాన్నే గేటు దగ్గర పంచమని నా చేతికిచ్చారు. పంచాను. నా మొహానికి మంచిది పెట్టుకుని మరీ పంచాను.

ఇంకో సంగతి. మా స్టోరులో చిన్నసైజు మంచి మాస్కులు అట్టపెట్టెలకి అట్టపెట్టెలు పడి ఉన్నాయి. మావాళ్లలో చాలామందికి అవి సరిపోవు, అందుకని ఎవరూ ముట్టరు. బయటవాళ్లకి ఇద్దామని పెద్ద డాక్టరమ్మని అడిగాను. ఆవిడ చెడ్డది కాదు, అలిసిపోయి ఉంది. రేపు మనకే కరువొస్తే ఏం చేస్తావంది. ఒకవేళ ఇచ్చినా జనానికి పెట్టుకోవడం ఎవరు నేర్పుతారు, సందులు వదిలేసి, మంచిది పెట్టుకున్నాం కదా అని గుంపుల్లో తిరిగితే ఇంకా ప్రమాదం కాదా అని అడిగింది. అడిగినదాంట్లో న్యాయం ఉంది. అప్పట్నుంచీ నా బుర్రలో అదే తిరుగుతోంది.

ఈ పార్శిల్లో ఉన్నవి ఆవిడకి చెప్పే పంపుతున్నాను. చిన్నసైజువి వదినకి. పెద్దవి నా వంతుకి వచ్చినవే, ఆరబెట్టుకుని మళ్లీ మళ్లీ వాడి నీకోసం మిగిల్చాను. చేదుమందు సీసా కూడా పెట్టాను. నీ షాపులో జుట్టు తడిపే స్ప్రే డబ్బా ఉంది కదా, అందులో పోసి కొట్టు. ముసుగుకి దుప్పటికొచ్చే ప్లాస్టిక్ కవరు చాలు, కింద మాత్రం తెరిచే ఉంచాలి, గాలి ఆడాలి.

అన్నయ్యా, ఒక్క మాట. మాస్కు అంచు చర్మానికి తగలాలి. మధ్యలో వెంట్రుకలుంటే అది ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. నీ మీసం చెంపలదాకా పాకింది. తీసెయ్. కత్తి నీదే, అద్దం నీదే, ఇంకొకరిని బతిమాలక్కర్లేదు.

నీ చెల్లి


ప్రియమైన చేదుపిల్లకి,

పార్శిల్ అందింది. బాగా కుదిరిన పేరు, చిన్నప్పుడు నీకు మందు పట్టడానికి ఇంటిల్లిపాదీ పట్టుకోవాల్సి వచ్చేది, ఇప్పుడు ఊరందరికీ నువ్వు పడుతున్నావు.

మీ వదినకి మొదట పరీక్ష పెట్టాను. నువ్వు చెప్పినట్టే తల తిప్పింది, పైకి కిందికి చూసింది, గట్టిగా చదవమంటే బస్సుల వేళలు మొత్తం అప్పచెప్పిందట. మాస్కు తీసి, చేదు తెలియలేదంది. ఇన్నేళ్ల నుంచీ ఆ ఛాతీ చప్పుడు నేను వినలేను గానీ, వీపు మీద చెయ్యి వేస్తే తెలుస్తుంది. ఆ పూట నా మనసు ఎంత తేలికపడిందో నీకు చెప్పలేను. తర్వాత నేను కూర్చున్నాను. ఒక్క తుంపరకే గొంతుదాకా చేదు.

సరే, మీసం సంగతి. నా షాపుకి బోర్డు లేదు. మీసాలాయన షాపు ఎక్కడంటే ఎవరైనా దారి చూపిస్తారు. అది తీసేస్తే నేను ఎవరిని? నేను గుడ్డదే కట్టుకుంటాను, కిటికీ తలుపులు తెరిచి పెట్టుకుంటాను. నువ్వు పంపిన పెద్దవి దాచి ఉంచాను.

ఇక తమాషా విను. పరీక్ష మేము షాపులోనే పెట్టుకున్నాం. కవరు కప్పుకుని కూర్చున్న మీ వదినని చూసి వీధిలోవాళ్లు ఆగిపోయారు. ఏమిటని చేతులు ఊపి అడిగారు, చెప్పాను. మర్నాడు బస్సు డ్రైవరు వచ్చాడు, చుట్టూ గడ్డం. మీ వదిన వాటాలోది ఒకటి ఇచ్చి చూశాను, చేదు. గడ్డం గీసి మళ్లీ చూశాను, తెలియలేదని తల అడ్డంగా ఊపాడు. అద్దంలో తన చుబుకం చూసుకుని తనే పోల్చుకోలేకపోయాడు. ఆ తర్వాత కూరగాయలమ్మే ఆవిడ, ఆమె వెనక ఇద్దరు, వాళ్ల వెనక ఇంకొందరు. అందరికీ నేర్పగలను. ఇవ్వడానికే లేవు. ఒట్టి చేతులతో వెనక్కి పోతూ వాళ్లు నన్ను చూసిన చూపు బాగాలేదు.

మీ డాక్టరమ్మ ఎవరు నేర్పుతారని అడిగిందన్నావు కదా. వీధికొక సెలూను ఉంది, అన్నిట్లోనూ ఈగలు తోలుకుంటున్నారు. మొహాలు చూడటమే మా పని. ఎవరి ముక్కు వంకరో, ఎవరి దవడ లోపలికి పోయిందో మాకు తెలుసు. కుర్చీ ఉంది, అద్దం ఉంది, స్ప్రే డబ్బా ఉంది, గడ్డం అడ్డమొస్తే కత్తి కూడా ఉంది. వెళ్లి చెప్పు.

నీ మీసాల అన్నయ్య

అమ్మాయ్, చేదు నాకు తెలియలేదు, ఆయనకి తెలిసింది. తెలిసినా అదే మొహంతో షాపుకి పోయి అందరి మూతుల దగ్గరా వంగుతున్నారు, తిరిగి ఇంటికే కదా వచ్చేది. ఇంట్లో నేను మాస్కు పెట్టుకుని పడుకోను కదా. పొద్దున అద్దం ముందు తల దువ్వుకుంటూ, మీ మీసం కంటే నా ఊపిరి తక్కువా అని అడిగాను. వెనకే నిలబడి ఉన్నారు. వినపడలేదన్నారు. మీ వదిన.


ప్రియమైన అన్నయ్యకి,

ప్రియమైన అని అలవాటు కొద్దీ రాశాను. ఇది కోపంతో రాస్తున్న ఉత్తరం. ఊరందరి గడ్డాలూ గీసి పరీక్ష పెడతావు, నీ మీసం దగ్గరికి వచ్చేసరికి బోర్డు, పేరు, ప్రతిష్ఠ. నేను ఇక్కడ ఆ మీసాలు, గడ్డాలు తీయనన్నవాళ్లతో రోజూ పోట్లాడుతున్నాను. వాళ్లలో ఒకాయన ఇప్పుడు పై అంతస్తులో మంచం మీద ఉన్నాడు. ఆ మంచం పక్కనుంచి నడిచినప్పుడల్లా నాకు నువ్వే గుర్తొస్తున్నావు.

సెలూన్ల సంగతి మాత్రం డాక్టరమ్మకి చెప్పాను. విని, ఆలోచిద్దాం అంది. ఇంతకుముందు కాదు అనేది, ఇప్పుడు ఆలోచిద్దాం అంటోంది. నేను రోజూ ఆవిడ గది ముందు రెండుసార్లు నడుస్తాను, కనబడితే చాలు, అడగక్కర్లేదు.

మీసం తీసేశానని రాస్తేనే నాకు నిద్ర.

నీ చెల్లి

వదినా, నీ ప్రశ్నకి ఆయన జవాబు చెప్పేదాకా వదలకు.


ప్రియమైన చెల్లాయికి,

మేము క్షేమం. మీసం మహా బాగుంది, నిన్ననే కొత్త నూనె పెట్టి మెలేశాను. షాపు రెండు రోజులు మూశాను, గోడలకి సున్నం వేయిద్దామని. మీ వదినకి చేతినిండా పని, ఈసారి అడుగున రాయలేదు. ఫోను నీళ్ల బకెట్లో పడింది, బాగుచేసే షాపులు మూసి ఉన్నాయి, కాబట్టి చేసినా మోగదు.

ఊరికే అడుగుతున్నాను. ఆ మాస్కు వరసగా ఎంతసేపు పెట్టుకుని ఉండవచ్చు? కూర్చునే కునుకు తీస్తే అంచు లేస్తుందా? ముక్కు మీద ఒరుసుకుని పుండు పడితే ఏం రాయాలి? తొందరగా రాయి. ఊరికే.

నీ అన్నయ్య


ప్రియమైన అన్నయ్యకి,

ముందు నీ ప్రశ్నలకి జవాబు. చెమటకి తడిసేదాకా పెట్టుకోవచ్చు, తడిస్తే మార్చాలి. కునుకు తీస్తే అంచు లేస్తుంది, లేవగానే రెండు చేతులతో చుట్టూ నొక్కి చూసుకో. పుండు పడుతుందని ముందే ముక్కు మీద పల్చటి పట్టీ వేయకు, సందు వస్తుంది. వాజలీను రాయి, అదీ మాస్కు తీసేసిన తర్వాత మాత్రమే.

ఇప్పుడు నా ప్రశ్నలు. మీసంతో నీకు చేదు తగిలిందన్నావు, గుడ్డదే కట్టుకుంటానన్నావు. మరి కూర్చుని కునుకు తీసేంతసేపు ఆ మాస్కు ఎవరు పెట్టుకుంటున్నారు? జనం బయటికి రావడానికే భయపడుతుంటే నీ గోడలకి సున్నం వేయడానికి ఎవరొచ్చారు? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఒక్క ఉత్తరంలో ఊరికే అని రెండుసార్లు ఎందుకు రాశావు? అన్నిటికంటే ముందు, వదిన రాత ఏది? జ్వరమొచ్చినా, మీరిద్దరూ పోట్లాడుకున్నా, అడుగున ఆ రెండు ముక్కలు లేకుండా నీ ఉత్తరం నాకు ఎప్పుడూ రాలేదు.

నీకో మంచి కబురు ఉంది, సంతోషంగా రాయాలని నిన్నంతా ఎదురుచూశాను, ఇప్పుడు రాయబుద్ధి కావడం లేదు. డాక్టరమ్మ ఆసుపత్రి ఎదురుగా ఉన్న సెలూనాయన్ని పిలిపించి, తన కళ్లముందే నేర్పమంది. ఒక్క పూటలో నేర్చుకున్నాడు. ఆవిడ స్టోరు తాళం తెప్పించింది. చిన్నసైజు అట్టపెట్టెలు బయటికి వెళుతున్నాయి, ముందు బస్టాండులకి, మార్కెట్లకి, సెలూన్ల చేతుల మీదుగా. మీ ఊరికీ వస్తాయి. ఆ కాగితాలు పంచడం కూడా ఆపేయమంది. అన్నయ్యా, ఇది నువ్వు చెప్పినదాంతోనే జరిగింది. కానీ వదిన కోసమే కదా మొదలుపెట్టాను. వదిన ఎలా ఉందో చెప్పు.

నీ చెల్లి


చెల్లాయీ,

అంతా క్షేమం. నువ్వు రావద్దు, రానివ్వరు కూడా. నా సైజు మాస్కు ఇంకొకటి ఉంటే పంపు. మీసం బాగుంది.

అన్నయ్య


అన్నయ్యా,

ఉన్న రెండూ పంపాను. నీ మీసం సంగతి నేను అడగలేదు. వదిన చేత్తో ఒక్క అక్షరం రాయించి పంపు. అక్షరం కాకపోతే గీత గీయించు. అదీ రాకపోతే ఈ ఉద్యోగం వదిలేసి, గేటు దూకైనా బయలుదేరతాను.

చెల్లి


ప్రియమైన ఆడపడుచుకి,

ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. అసలు మొగుడు చెప్పిన అబద్ధాలన్నిటికీ అర్ధమొగుడికి నేను జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. గీత గీయమన్నావు, ఇదిగో, మొత్తం ఉత్తరమే రాస్తున్నాను. ఆగి ఆగి రాస్తున్నాను, రెండు లైన్లకి ఒకసారి ఊపిరి తీసుకోవాలి. కానీ ఇంట్లోనే ఉన్నాను, నా మంచం మీదే కూర్చున్నాను. ముందు ఇది చదివి నువ్వు కూర్చో.

మీ అన్నయ్యకి నువ్వు కోపంగా రాసిన ఉత్తరం అందిన రోజునే రెండు దగ్గులు వచ్చాయి, పోయాయి. ఆయనకి అంతే. తర్వాత నాకు పట్టుకుంది. షాపులోంచి వచ్చిందో, బస్టాండులోంచి వచ్చిందో, ఎవరు చెప్పగలరు? నేను తెలియదనే అన్నాను. ఆయన మాత్రం తెలుసన్నారు. నన్ను ఇక్కడి ఆసుపత్రిలో చేర్చుకున్నారు. తోడు ఉండాలంటే మంచి మాస్కు ఉండాలి, అదీ చేదు పరీక్షలో నెగ్గాలి, లేకపోతే గేటు బయటే. ఆయన ఇంటికి కాదు, షాపుకి వెళ్లారట. గోడకి తిప్పిన కుర్చీ ఇటు తిప్పుకుని, తన అద్దం ముందు తానే కూర్చుని గీసేసుకున్నారు. నువ్వు పంపినవి దాచిన చోటునుంచి తీశారు. పరీక్షలో చేదు తెలియలేదు. అప్పట్నుంచీ ఆ బోసి మూతితోనే నీకు, మీసం మెలేశాను, నూనె రాశాను అని రాస్తూ వచ్చారు. సున్నమూ లేదు, బకెట్టూ లేదు. ఫోను వార్డులో నా దిండు కింద ఉండేది. నువ్వు చేసిన ప్రతిసారీ అది వెలగడం చూశాను, ఎత్తి మాట్లాడే ఊపిరి లేదు. మెసేజీ పెట్టే ఓపికా లేదు.

ఇప్పుడు అసలు సంగతి విను. ఊళ్లో అందరి పెదాలూ గుడ్డల వెనక్కి పోయాయని ఆయన గొడవ కదా. నా మొహానికి పెట్టింది గాలిగొట్టం ఉన్న ప్లాస్టిక్ మాస్కు, గాజులా కనిపిస్తుంది. నేను ఊపిరి వదిలితే దానికి మంచు పడుతుంది, పీలిస్తే పోతుంది. ఆ పోయినంతసేపూ నా పెదాలు ఆయనకి కనిపించేవి. గొంతులో మాట లేదు, ఉన్నా ఆ గాలి హోరులో నర్సులకి వినపడదు. వినపడాల్సిన అవసరమే లేనివాడు ఒక్కడే ఆ గదిలో నా మాట విన్నాడు. నీళ్లు అన్నా, వెనక్కి జరపమన్నా, భయమేస్తోందన్నా, అన్నీ నర్సుకి చెప్పారు. భయమేస్తోందన్నది మాత్రం చెప్పలేదు, నా వీపు మీద చెయ్యి వేసి ఉంచారు.

పక్క మంచం ముసలావిడ ఏదో అంటోంది, ఎవరికీ అర్థం కావడం లేదు. మీ అన్నయ్య చూసి, కళ్లద్దాలు అడుగుతోంది అన్నారు. దిండు కింద ఉన్నాయి. ఆ తర్వాత నర్సులు ఆయన్ని వదల్లేదు. ఇటు రమ్మని ఒకరు, అటు రమ్మని ఒకరు. అద్దంలో కుడి ఎడమలు మారిన పెదాలనే ఇన్నేళ్లు చదివినవాడికి తిన్నగా ఉన్నవి లెక్కా? మంచం మంచానికీ తిరిగి వాళ్లేమంటున్నారో చెప్పేవారు. నిన్ను ఇంకో మాస్కు అడిగింది అందుకే. నన్ను ఇంటికి పంపేశారు. ఆయన ఇంకా రోజూ అక్కడికే పోతున్నారు.

నా ప్రశ్నకి జవాబు చెప్పేదాకా వదలొద్దన్నావు కదా. నేను మళ్లీ అడగలేదు. ఆయన వార్డులోకి వచ్చిన మొదటి రోజు, ఆ మాస్కు బిగుతుగా మొహానికి అతుక్కుని ఉంటే, పైన కళ్లు తప్ప ఏమీ కనబడటం లేదు, ఎవరో అనుకున్నాను. నా చెయ్యి పట్టుకుని వంగి, "తక్కువ కాదు" అన్నారు. ఏది తక్కువ కాదు, జ్వరమా అనుకున్నాను. మళ్లీ అదే మాట అన్నారు. అప్పుడు గుర్తొచ్చింది. ఆ పొద్దున అద్దంలో నా పెదాలు చూస్తూనే వినపడలేదన్నారు. నాకు అప్పుడే తెలుసు. నేను చిన్నగా ఏడ్చాను, దాంతో మాస్కు అంతా మంచు పట్టి ఆయనకి ఏమీ కనబడలేదు. పోనీలే.

ఇప్పుడే వచ్చి స్నానం చేశారు. నిలబడే తింటున్నారు, మళ్లీ పోవాలట. అన్నాచెల్లెళ్లు ఇద్దరికీ కూర్చోవడం చేతకాదు. ఈసారి అడుగున రెండు ముక్కలు ఆయన్నే రాయమన్నాను.

ఊపిరి ఉన్న మీ వదిన

చెల్లాయీ, మీ అట్టపెట్టెలు బస్టాండుకి వచ్చాయి, డ్రైవరు పంచుతున్నాడు, చాలా సంతోషం. కానీ అవి చిన్నవి. ఆసుపత్రి గేటు బయట గుడ్డలు కట్టుకుని పై కిటికీల వంక చూస్తూ నిలబడ్డవాళ్లు చాలామంది ఉన్నారు, లోపల వాళ్లవాళ్లు పెదాలు కదుపుతున్నారు. అందరివీ నేనొక్కణ్ణే చదవలేను. వాళ్లూ లోపలికి రావడానికి పెద్దసైజువి కూడా ఇమ్మని డాక్టరమ్మని అడుగు, కాదంటే మళ్లీ అడుగు. గడ్డాలు నేను గీస్తాను.